పుస్తకం తీస్తే పిల్లలు పారిపోతున్నారా? చదివే సమయాన్ని సరదాగా మార్చుకోవడం ఇలా

“పుస్తకం తెరిస్తే చాలు, రెండు నిమిషాల్లో లేచి వెళ్లిపోతున్నాడండీ. ఏం చేయమంటారు?” పిల్లలకు కథలు చదివి వినిపించడం మొదలుపెట్టినప్పటి నుంచి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. కొందరు మూడేళ్ల పాప గురించి అడుగుతారు, కొందరు తొమ్మిదేళ్ల బాబు గురించి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

వాళ్లు ఎలా చదివిస్తున్నారో పక్కన కూర్చుని చూస్తే, చాలాసార్లు అక్కడ జరిగేది పరీక్షలా ఉంటుంది. “ఇదేం అక్షరం? కాదు, సరిగ్గా చూడు. నిన్ననే కదా చెప్పాను!” పది నిమిషాల్లో ఇలాంటివి ఇరవై వస్తే పెద్దవాళ్లమైనా లేచి వెళ్లిపోతాం. మా పాపతో మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. ఆ పరీక్షను తీసేసి, పుస్తకాన్ని పిల్లల చేతికి అప్పగించాలి. కింద చెప్పేదంతా దాని గురించే.

ఏమేం కావాలి

• 8 నుంచి 10 పుస్తకాలు. అన్నీ కొత్తవి కానక్కర్లేదు. గ్రంథాలయం నుంచి తెచ్చినవైనా, ఎవరైనా ఇచ్చినవైనా సరే. వాటిలో రెండు మూడు మాటల్లేని బొమ్మల పుస్తకాలు ఉంటే మంచిది.
• పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక అర లేదా బుట్ట.
• మంచి వెలుతురు, ఇద్దరూ ఆనుకుని కూర్చునేంత చోటు.
• రోజుకు 10 నిమిషాలు. ఆ 10 నిమిషాలు మీ ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఇది మాత్రం తప్పనిసరి. మీ చూపు ఫోన్ మీదికి వెళ్లిందంటే పిల్లల చూపు పుస్తకం మీద నుంచి లేచిపోతుంది.
• ఒక చిన్న నోట్‌బుక్, మీ కోసం. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇంట్లో పుస్తకాలు తక్కువగా ఉంటే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగుతో సహా ఎన్నో భాషల్లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. 2015లో మొదలైన ఈ వేదికలో కథల్ని చదవగలిగే స్థాయిని బట్టి 4 మెట్లుగా విడదీశారు. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే తెర కంటే ప్రింట్ మేలు. పేజీ తిప్పడం కూడా వాళ్లకు ఆటే.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు: ఇవాళే. నెలల పాపాయికైనా సరే. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లో, పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలంటూ తన వైద్యులకు సూచించింది. ఆ వయసులో పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటారు, చప్పుడు వచ్చేలా కొడతారు. మందపాటి అట్ట పేజీల పుస్తకం ఇచ్చి అలాగే చేయనివ్వండి.

ఎలా చేయాలి

1. వేళ కుదుర్చుకోండి

గడియారం చూసి “ఎనిమిది గంటలకు” అని పెట్టుకుంటే నాలుగు రోజుల్లో తప్పిపోతుంది. రోజూ ఎలాగూ జరిగే పని ఒకటి చూసుకుని దాని వెనకాలే పెట్టండి. స్నానం అయ్యాక, బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, పక్క వేసుకున్నాక, ఏదైనా సరే. పడుకునే వేళ అందరికీ కుదరదు. నిద్రమత్తులో చిరాకు పడే పిల్లలైతే సాయంత్రానికి మార్చండి.

ఎంతసేపు? రెండేళ్ల వాళ్లకు 3 నుంచి 5 నిమిషాలు చాలు. నాలుగైదేళ్ల వాళ్లకు 10. ఏడెనిమిదేళ్లు వచ్చాక 15 నుంచి 20. ఇవి నా అనుభవంలో కుదిరిన కొలతలు. మీ ఇంట్లో తగ్గితే తగ్గనివ్వండి. రోజూ 5 నిమిషాలు చదవడం, ఆదివారం గంటసేపు కూర్చోబెట్టడం కంటే చాలా మంచిది.

2. అట్టలు కనిపించేలా పెట్టండి

అరలో పుస్తకాలను నిలువుగా సర్దితే పిల్లలకు కనిపించేది సన్నటి అంచు మాత్రమే. చదవడం రాని పిల్లలకు ఆ అంచు ఏమీ చెప్పదు. అట్ట మీది బొమ్మ కనిపించేలా నాలుగైదింటిని బయటికి తిప్పి పెట్టండి. రెండు వారాలకోసారి సగం పుస్తకాలు లోపల దాచి, దాచినవి బయటికి తీయండి. నెల తర్వాత చూసిన పాత పుస్తకం వాళ్లకు కొత్తదే.

3. ఎంచుకోవడం వాళ్ల పని

ఏ పుస్తకం చదవాలో మీరు చెప్పకండి. చాలామంది పెద్దలకు కష్టంగా అనిపించే మెట్టు ఇదే. నీతికథ ఉండగా డైనోసార్ల పుస్తకం తీస్తారు. కథ ఉండగా రైళ్ల బొమ్మలు చూస్తానంటారు. బొమ్మల కథలు, జోకుల పుస్తకాలు, వాహనాల వివరాలు అన్నీ చదువే. తీయనివ్వండి.

అయితే చదవడం వచ్చిన పిల్లలకు ఒక చిన్న పరీక్ష నేర్పవచ్చు. దీన్ని వాళ్లే చేసుకుంటారు. ఏదో ఒక పేజీ తెరిచి చదువుతూ, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేసరికి ఐదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పుడు తనంతట తాను చదవడానికి కష్టం. ఒకటీ మడవకపోతే తేలిక. రెండు మూడు అయితే సరిగ్గా సరిపోతుంది. పేజీకి మూడు లైన్లే ఉండే చిన్న పుస్తకాలకు ఈ లెక్క పనిచేయదు. కనీసం 50 మాటలైనా ఉన్న పేజీ మీద చూడాలి.

కష్టమని తేలిన పుస్తకాన్ని లాక్కోకండి. “ఇది నేను చదివి పెడతాను” అని వేరే దొంతరలో పెట్టండి. ఇంట్లో రెండు దొంతరలు ఉండాలి: నేను చదివేవి, నాకు చదివి పెట్టేవి. పిల్లలు తాము చదవగలిగే దానికంటే చాలా పెద్ద కథను విని అర్థం చేసుకోగలరు. ఏడేళ్ల బాబు కూడబలుక్కుని చదివే రెండు లైన్ల కథతోనే రోజులు గడిపితే వాడి బుర్రకు సరిపోదు. విసుగు అక్కడే పుడుతుంది.

4. తెరిచే ముందు అర నిమిషం

అట్ట చూపించి, “ఇందులో ఏం జరుగుతుందంటావు?” అని అడగండి. ఏ జవాబు చెప్పినా “చూద్దాం పద” అనండి. తప్పు, ఒప్పు అని చెప్పకండి. తను చెప్పింది నిజమవుతుందో లేదో చూడటానికి ఆఖరి పేజీ దాకా కూర్చునే పిల్లల్ని ఎంతోమందిని చూశాను.

5. చదవడం

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మొదటిది వేగం. మనకు కథ తెలుసు కాబట్టి గబగబా చదివేస్తాం. పిల్లలు బొమ్మ చూడాలి, మాట వినాలి, రెండూ కలుపుకోవాలి. మీకు మరీ నెమ్మదిగా అనిపించే వేగమే వాళ్లకు సరైన వేగం. పేజీ తిప్పే పని వాళ్లకే ఇవ్వండి. అప్పుడు వేగం దానంతట అదే కుదురుకుంటుంది. రెండు పేజీలు ఒకేసారి తిప్పేసినా కంగారు పడకండి.

రెండోది గొంతు. పులికి బొంగురు గొంతు, చిట్టెలుకకు కీచు గొంతు పెట్టగలిగితే చాలా బాగుంటుంది. “నాకు సిగ్గండీ, అలా రాదు” అనే నాన్నలు చాలామంది ఉన్నారు. మీకు గొంతు మార్చడం రాకపోయినా నష్టం లేదు. భయం వేసే చోట గుసగుసగా, పరుగులు తీసే చోట వేగంగా, ఆశ్చర్యం కలిగే చోటికి ముందు ఒక్క క్షణం ఆగి చదవండి. ఈ మూడూ ఎవరికైనా వస్తాయి.

మూడోది చప్పుళ్లు. ఈ విషయంలో మన భాష పెద్ద నిధి. చినుకులు టపటపా రాలతాయి, పాము జరజరా పాకుతుంది, బొంగరం గిరగిరా తిరుగుతుంది, తలుపు దభాలున మూసుకుంటుంది, గుండె దడదడా కొట్టుకుంటుంది. ఈ మాటలు వచ్చినప్పుడు మీరు ఆగిపోండి. “చినుకులు…” అని ఊరుకుంటే “టపటపా!” అని వాళ్లు అందుకోవాలి. రెండోసారి చదివేటప్పటికే ఇది ఆట అయిపోతుంది. కథలో మళ్లీ మళ్లీ వచ్చే వాక్యం ఉంటే అది పూర్తిగా వాళ్లకే వదిలేయండి. అక్షరాలు రాని మూడేళ్ల పిల్లలు కూడా ఇలా “చదువుతారు”. వాళ్లకు కలిగే గర్వం ముఖంలో కనిపిస్తుంది.

ఇంకొకటి. అప్పుడప్పుడు మాట కింద వేలు జరుపుతూ చదవండి. వదిలేస్తే చిన్నపిల్లల కళ్లు బొమ్మ మీదే ఉంటాయి, అక్షరాల మీదికి రావు. వేలు కదిలితే “ఓహో, అమ్మ చెప్పేది ఇక్కడి నుంచి వస్తోంది” అని తెలుస్తుంది. ప్రతి పేజీలోనూ చేయకండి, బొమ్మలు చూసుకోవడం పాడవుతుంది.

6. మాట్లాడండి, ప్రశ్నించకండి

ఈ రెండింటికీ తేడా ఉంది. “కుక్క రంగేంటి?” అని అడిగితే ఒక్క మాటలో జవాబు వచ్చి మాట ఆగిపోతుంది. “కుక్క ఎందుకు అలా దాక్కుంది?” అంటే కబుర్లు మొదలవుతాయి. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. ఆ ఐదు అంకెలూ మనకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, కానీ పిల్లలకు ఆలోచించుకోవడానికి అంత కావాలి.

చిన్నపిల్లలు ఏదైనా అంటే, దాన్నే ఇంకాస్త పెంచి తిరిగి చెప్పండి. “కుక్క పరుగు” అంటే “అవును, నల్ల కుక్క భయపడి పరుగెడుతోంది.” అంతే. 1988లో వచ్చిన ఒక పేరున్న పరిశోధనలో, 21 నుంచి 35 నెలల వయసున్న పిల్లల తల్లిదండ్రులకు ఇలా అడగడం, పెంచి చెప్పడం నేర్పారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతావాళ్ల కంటే కొన్ని నెలలు ముందున్నారు.

హెచ్చరిక: రెండు మూడు పేజీలకు ఒక్క మాట చాలు. పేజీకి నాలుగు ప్రశ్నలు వేస్తే మళ్లీ పరీక్షలోకే వచ్చాం.

7. వాళ్లు చదివేటప్పుడు

మొదట ఇద్దరూ కలిసి గొంతు కలిపి చదవండి. ధైర్యం వచ్చాక పిల్లలు మీ చేతి మీద తట్టాలి. అంటే “ఇక నేను చదువుతాను” అని. మీరు ఆపేయాలి. ఎక్కడైనా ఆగిపోతే నాలుగైదు సెకన్లు చూసి, ఆ మాట మీరే చెప్పేయండి. వాళ్లు ఒకసారి అంటారు, మళ్లీ కలిసి ముందుకు సాగుతారు. “క కు ష వత్తు ఇస్తే ఏమవుతుంది?” లాంటి పాఠం కథ మధ్యలో వద్దు. ఒత్తులు, సంయుక్తాక్షరాలు నేర్పే వేళ వేరే పెట్టుకోండి.

అలసిపోతే వాటాలు వేసుకోండి. ఒక లైను మీది, ఒక లైను వాళ్లది. లేదా కథంతా మీది, పాత్రల మాటలు వాళ్లవి. బడిలో వేరే భాషలో చదువుకుంటూ తెలుగు నెమ్మదిగా చదివే పిల్లలకు ఈ రెండో పద్ధతి బాగా పనిచేస్తుంది. వాళ్ల వయసుకు తగిన కథ వింటారు, చదవాల్సింది మాత్రం చిన్న చిన్న వాక్యాలే.

పుస్తకంలో ఉండే తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకేలా ఉండకపోవచ్చు. కథను తిరిగి చెప్పేటప్పుడు పిల్లలు తమ ఇంటి మాటలోనే చెబుతారు. దాన్ని దిద్దకండి. కథ వాళ్లకు అందిందనడానికి గుర్తు అదే.

8. మంచి చోట ఆపండి

పిల్లలు విసిగాక ఆపితే రేపటికి గుర్తుండేది విసుగే. తలుపు వెనక ఎవరున్నారో తెలిసే ముందు పేజీలో ఆపి, “మిగతాది రేపు” అనండి. పుస్తకంలో గుర్తు పెట్టే కాగితం వాళ్ల చేతే పెట్టించండి. రేపు వాళ్లే పుస్తకం తెస్తారు. మరీ చిన్నపిల్లలతో మాత్రం కథ పూర్తి చేయండి, వాళ్లు రేపటి దాకా ఆగలేరు.

కథ అయ్యాక బొమ్మ గీస్తామన్నా, కుర్చీలు పేర్చి గుహ చేసి కథ ఆడతామన్నా ఆడనివ్వండి. అడగకపోతే బలవంతం వద్దు.

కుదరనప్పుడు వేరే దారులు

కదలకుండా కూర్చోలేని పిల్లలు: కూర్చోవాల్సిన అవసరమే లేదు. నేల మీద బొమ్మలు పేర్చుకుంటూ, గది అంతా తిరుగుతూ కూడా వింటారు. మీరు చదువుతూనే ఉండండి. మధ్యలో ఒక మాట తప్పు చదివి చూడండి, “అలా కాదు!” అని అరుస్తారు.

వేర్వేరు వయసుల పిల్లలు ఇద్దరుంటే, పెద్దవాళ్ల చేత చిన్నవాళ్లకు చదివించండి. తడబడుతూ చదివే పెద్దపిల్లలకు తేలిక పుస్తకం చదవడానికి గౌరవంగా ఒక కారణం దొరుకుతుంది. కానీ వాళ్లకంటూ మీతో విడిగా కొన్ని నిమిషాలు ఉండేలా చూడండి.

మీకే చదవడం అంతగా రాకపోతే మాటల్లేని బొమ్మల పుస్తకం తీసుకుని మీ మాటల్లో కథ చెప్పండి. దాని విలువ ఏమాత్రం తక్కువ కాదు. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చే వాళ్లు కథను ఫోన్‌లో రికార్డు చేసి పెట్టవచ్చు. పేజీ తిప్పాల్సిన చోట ఒక చిటిక వేయండి. ఇంట్లో ఉన్నవాళ్లు పక్కన కూర్చుని పేజీలు తిప్పిస్తే సరి.

ఎక్కువమంది చేసే తప్పులు

“మళ్లీ అదే పుస్తకమా?” అనడం. పదోసారి తెచ్చినా చదవండి. మొదటిసారి కథ కోసం వింటారు, తర్వాత మాటల కోసం, ఆ తర్వాత తాము చెప్పడం కోసం. మీకు విసుగొస్తే అదే పుస్తకం ఒకసారి, కొత్తది ఒకసారి అని ఒప్పందం చేసుకోండి.

చదివితే బహుమతి అనడం. ఇది మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ జాగ్రత్త. 1973లో వెలువడిన ఒక పరిశోధనలో, నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి “గీస్తే బహుమతి ఇస్తాం” అని ముందే చెప్పి, గీశాక ఇచ్చారు. కొద్ది రోజుల తర్వాత చూస్తే, వాళ్లు మిగతా పిల్లలు గీసినదాంట్లో దాదాపు సగం సేపే గీశారు. ఇష్టమైన పని కాస్తా కూలి పని అయిపోయింది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఇంకో కథ చదవండి, లేదా పడుకునే వేళ పది నిమిషాలు పెంచండి.

చదవడాన్ని శిక్షగా వాడటం ఇంకా పెద్ద తప్పు. “అల్లరి చేశావు, టీవీ కట్టేసి వెళ్లి పుస్తకం తీయి” అన్న ఒక్క మాట నెల రోజుల శ్రమను పాడుచేస్తుంది. అలాగే “కథ లేదు పో” అనే శిక్ష కూడా వద్దు. ఎంత గొడవ జరిగిన రోజైనా కథ ఉండాలి.

పక్కింటి పిల్లలతో పోల్చడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక, చదవడం రాగానే చదివి వినిపించడం మానేయడం. “నీకు వచ్చు కదా, నువ్వే చదువుకో” అంటాం. పిల్లల వైపు నుంచి చూస్తే, చదవడం నేర్చుకున్నందుకు అమ్మ ఒడి పోయింది. వాళ్లు అడిగినన్నాళ్లూ చదవండి, పదకొండేళ్లు వచ్చినా సరే.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

ఇప్పుడు ఆ నోట్‌బుక్ తీయండి. రోజూ ఒక్క లైను రాయండి: తేదీ, పుస్తకం, ఎవరు ఎంచుకున్నారు, ఎన్ని నిమిషాలు, ఎవరు ఆపారు. రెండు వారాల తర్వాత ఆఖరి గడి చూడండి. ఎక్కువసార్లు పిల్లలే ఆపి లేచిపోతే నిమిషాలు తగ్గించండి, లేదా పుస్తకం మార్చండి. ఎక్కువసార్లు మీరు ఆపితే, “ఇంకొక్క పేజీ” అని వాళ్లు బతిమాలితే, సరైన దారిలో ఉన్నారు. ఎంచుకున్నది ప్రతిసారీ మీరే అయితే మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఇంకా కొన్ని గుర్తులు: ఊరికే ఊ కొట్టడం మానేసి మధ్యలో అడ్డుపడి అడగడం, కథలోని మాటను ఇంకెక్కడో వాడటం, ఎవరూ చెప్పకుండానే పుస్తకం తీసి పేజీలు తిప్పుకోవడం, బొమ్మకు కథ చదివి పెట్టడం. వీటిలో ఒక్కటి కనిపించినా నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు వారాల్లో ఏదీ కనిపించకపోతే వేళ మార్చి చూడండి, పుస్తకాల రకం మార్చి చూడండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

కథ అర్థమైందో లేదో చూడాలంటే ప్రశ్నలు వద్దు. మర్నాడు పుస్తకం మూసి, “నిన్నటి కథ నేను మర్చిపోయాను, చెప్పవా?” అనండి. మొదలు, మధ్యలో వచ్చిన చిక్కు, చివర ఏమైంది, ఈ మూడూ వస్తే చాలు. పేర్లు తప్పినా ఫర్వాలేదు. గడగడా చదివేసి ఏమీ చెప్పలేకపోతే, అది చదవడం కాదు, పలకడం. తేలిక పుస్తకానికి దిగి, మీరు చదివే వంతు పెంచండి.

పుస్తకాన్ని మరీ ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, కళ్లు నులుముకోవడం, కాసేపటికే తలనొప్పి అనడం కనిపిస్తే ముందు కళ్లు పరీక్ష చేయించండి. పిలిస్తే పలకకపోవడం ఉంటే చెవులు కూడా. ఏడెనిమిదేళ్లు వచ్చి, రోజూ చదువుతున్నా అక్షరాలు నిలవకపోతే, నిన్న వచ్చిన మాట ఇవాళ పూర్తిగా కొత్తదిలా అనిపిస్తుంటే, టీచరుతో మాట్లాడి నిపుణులకు చూపించండి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటివి బద్ధకం కావు, తెలివి తక్కువా కాదు. త్వరగా తెలిస్తే సాయం కూడా త్వరగా అందుతుంది. ఆ సాయం అందే లోపు కూడా “నాకు చదివి పెట్టేవి” దొంతరను ఆపకండి.